మీట నొక్కిందెవరు

"ప్రోగ్రాం పొరపాటు పడే అవకాశం ఏమైనా ఉందా అమ్మా?" అని షెడ్డు మేనేజరు వీరరాఘవులు అడిగినప్పుడు బిందు క్షణమైనా ఆలోచించలేదు.

"లేదండి," అంది.

ఆ ప్రోగ్రాం రాసింది ఆమే. ఆ ఒక్క మాట అనిపించడానికే ఆమెను గగన్‌పహాడ్ ఆఫీసు నుంచి వానలో శంషాబాద్ దాకా రప్పించారు. ఎయిర్‌పోర్టు అనగానే ఆటోవాడు విమానం ఎక్కబోయే మనిషి అనుకుని మర్యాదగా బ్యాగు అందుకోబోయాడు. కాదు బాబూ, కార్గో షెడ్డుకి అనేసరికి ఆ మర్యాద కాస్తా ఆవిరైపోయింది. ఆ చిరాకు ఇంకా ఆమె ముఖం మీద ఉంది.

అద్దాల గదిలో ఏసీ వణికిస్తోంది. బిందుకి కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. బల్లకి ఇవతల, కౌంటర్లో పనిచేసే సుమలత నిలబడే ఉంది. కూర్చోమని ఆమెతో ఎవరూ అనలేదు. బిందు కూడా అనలేదు. తోచక కాదు, దొంగ అని తేలబోతున్న మనిషికి మర్యాదలేమిటని.

సంగతి చిన్నదేమీ కాదు. పోయిన వారం ఓ మందుల కంపెనీ లారీ వచ్చింది. విదేశాలకు పోవాల్సిన సరుకు. పెట్టె మీద బార్‌కోడ్ చీటీ ఉంటుంది. కౌంటర్లో దానికి స్కానరు చూపిస్తే నంబరు కంప్యూటర్లోకి ఎక్కుతుంది. చీటీ తడిసో చినిగో ఉంటే నంబరు చేత్తో కొట్టాలి. ఏ పెట్టె ఎలా ఎక్కిందో ప్రోగ్రాం పక్కనే రాసి పెడుతుంది. స్కానర్ అనో, మాన్యువల్ అనో. తీరా సరుకు విమానానికి పంపేటప్పుడు చూస్తే ఒక పెట్టె లేదు. రికార్డు తీస్తే ఆ పెట్టె సుమలత కౌంటర్లో ఎక్కింది. పక్కన స్కానర్ అని ఉంది. స్కానరు పట్టిందంటే పెట్టె ఆమె కళ్లెదుట ఉన్నట్టే. కళ్లెదుట ఉన్న పెట్టె మాయమైందంటే షెడ్డులోనే ఎవరో మింగినట్టే.

సుమలత చెప్పేది వేరు. "ఆ దినం వాన గొట్టింది సార్. చీటీలన్నీ తడిసినయ్. స్కానర్ ఒక్కటి పట్టలే. సూపర్‌వైజర్ సారే డ్రైవర్ కాగితం చూసి నంబర్లు ఎక్కించమన్నడు. యాదయ్య మామ చదివిండు, నేను కొట్టిన. గా పెట్టె లారీల వచ్చిందో రాలేదో నాకేం ఎర్క? కాగితంల ఉండె, కొట్టిన."

"నేనలా అనలేదు," అన్నాడు గోడ వారగా నిలబడిన సూపర్‌వైజరు నేలకేసి చూస్తూ.

"యాదయ్య మామని అడగండ్రి."

"మీరిద్దరూ ఒకే ఊరు. వాడు నీకు తోడు చెప్పక మాకు చెప్తాడా?" అన్నాడు వీరరాఘవులు. ఆయనది తెనాలి దగ్గర. పాతికేళ్లుగా హైదరాబాదులో ఉన్నా మాట కొంచెం కూడా మారలేదు. "చేత్తో కొడితే మాన్యువల్ అని పడాలి కదా. స్కానర్ అని ఎందుకు పడింది? ఏదీ, ఇక్కడ కొట్టి చూపించు."

కీబోర్డు తెచ్చి ఆమె ముందు పెట్టారు. పక్కన అంకెలు రాసిన కాగితం పెట్టారు. సుమలత వంగింది. కాగితం చూసింది, మీట నొక్కింది. మళ్లీ కాగితం, మళ్లీ మీట. ఇంతమంది కళ్లు వేళ్ల మీద ఉంటే వేళ్లు మాత్రం ఏం చేస్తాయి? తెర మీద మాన్యువల్ అని పడింది. మళ్లీ కొట్టమన్నారు. మళ్లీ మాన్యువల్.

"చూశావా?"

"గిట్ల కాదు సార్. యాదయ్య మామ పిలుస్తుంటే కొడత నేను. ఆయన పిలిస్తే..."

"ఓహో, ఆయన పాట పాడితేగానీ నీకు చెయ్యి ఆడదా?"

గదిలో అందరూ నవ్వారు. బిందు కూడా నవ్వింది.

"సోమవారం దాకా టైమిస్తున్నా," అన్నాడు వీరరాఘవులు నవ్వు ఆపేసి. "పెట్టె ఎక్కడుందో చెప్పు. లేదంటే పోలీస్ స్టేషన్లో చెప్పుకో. రేపొచ్చి గేట్ పాసు అప్పగించి పో."

సుమలత ఎవరినీ బతిమాలలేదు. తలుపు దగ్గర ఆగి బిందు వైపు మాత్రం ఓసారి చూసింది. ఆ చూపులో ఏడుపేమీ లేదు. ఉన్నదంతా పచ్చి కోపం. దొంగకి ఎంత పొగరో అనుకుంది బిందు.

మర్నాడు శనివారం. కౌంటర్లలో ప్రోగ్రాం కొత్త మార్పులు ఎక్కించే పని మిగిలి ఉండడంతో బిందు మళ్లీ షెడ్డుకే వచ్చింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. లేదండి అన్న ఆ మాట చెప్పులో రాయిలా ఉండుండి గుచ్చుతోంది. ఎందుకంటే ఆ ప్రోగ్రాం లోగుట్టు ఆమెకు తెలుసు.

కంప్యూటర్ దృష్టిలో స్కానరు కూడా ఒక కీబోర్డే. బార్‌కోడ్ చదివి, ఎవరో మీటలు నొక్కినట్టే అంకెలను ఒకదాని వెంట ఒకటి లోపలికి తోస్తుంది. విండోస్‌లో అయితే, ఈ మీట ఏ పరికరం నుంచి వచ్చిందని అట్టడుగు నుంచే తెలుసుకోవచ్చు. బిందు మొదట అలాగే రాసింది. పోయిన ఏడు ఖర్చు తగ్గుతుందని షెడ్డులో యంత్రాలన్నీ లినక్స్‌కి మార్చారు. అక్కడా ఆ సంగతి తెలుసుకోవచ్చు, కాకపోతే కీబోర్డు నుంచి వచ్చేదాన్ని నేరుగా చదవడానికి ప్రత్యేకంగా అనుమతి కావాలి. షెడ్డు కంప్యూటర్ విభాగం ససేమిరా అంది. అది ఇస్తే మీ ప్రోగ్రాం మా పాస్‌వర్డులు కూడా చదివేస్తుంది అన్నారు. వాళ్ల భయమూ నిజమైనదే. గడువేమో ముంచుకొచ్చింది. అనుమతి అక్కర్లేని దారి ఇక ఒకటే మిగిలింది, వేగం. అంకెలు టకటకా వచ్చిపడితే స్కానరు, ఆగి ఆగి వస్తే మనిషి.

ఆ తర్వాత షెడ్డువాళ్లు చవకరకం వైర్‌లెస్ స్కానర్లు కొన్నారు. అవి నత్తనడక నడిచేవి. ప్రోగ్రాం వాటిని మనుషులనుకునేది. రోజూ ఫోన్లు, రోజూ తిట్లు. ఆ గోల పడలేక బిందు హద్దు సడలించింది. మీటకీ మీటకీ మధ్య సెకనులో పదో వంతు దాటకపోతే స్కానరే అని రాసేసింది. మనిషి చెయ్యి అంత వేగంగా ఆడదని ఆమె లెక్క. ఆ లెక్క ఆమె వేసింది తన చేతిని చూసుకుని.

పదకొండు దాటేసరికి సుమలత కౌంటర్ ముందు లారీ ఒకటి ఇరుక్కుపోయింది. స్కానర్ చార్జింగ్ అయిపోయి కొక్కేనికి వేలాడుతోంది. కొత్తగా కూర్చోబెట్టిన కుర్రాడు ఒక్కో అంకె వెతికి నొక్కుతున్నాడు. యాదయ్య, యాభై దాటిన హమాలీ, పెట్టెల పక్కన గొంతుకూర్చుని హిందీలో నంబర్లు పిలుస్తున్నాడు.

"నౌ ఆఠ్ దో దో... కొట్టినవా?"

"ఆగు. నౌ అంటే తొమ్మిదేనా?"

"ఇగ అయినట్టే మన పని," అని యాదయ్య నెత్తి కొట్టుకున్నాడు. లారీ డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. హమాలీలు సూపర్‌వైజరు మీద విరుచుకుపడుతున్నారు. సరిగ్గా అప్పుడే సుమలత గేట్ పాసు అప్పగించడానికి వచ్చింది.

సిగ్గు అనేది ఒకటుంటుందని సూపర్‌వైజరుకి ఎవరూ చెప్పినట్టు లేదు. "సుమలతా, ఈ ఒక్క లారీ జర చూసిపో," అన్నాడు.

"దొంగతోని పని చేయించుకుంటరా సార్?"

"నా కోసం కాదమ్మా. వీళ్లు పొద్దటి నుంచి..."

"బిడ్డా," అన్నాడు యాదయ్య. "ఇది దిగితేగాని మేం బువ్వ తినం."

సుమలత గేట్ పాసు బల్ల మీద పెట్టి, కుర్రాణ్ణి లేవమని సైగ చేసి, కూర్చోకుండానే కుడిచెయ్యి అంకెల మీటల మీద వేసింది. చూపు యాదయ్య పెదాల మీద ఉంది.

యాదయ్య గొంతు మారింది. అప్పటిదాకా అరిచిన మనిషి ఇప్పుడు దరువు వేసినట్టు పిలిచాడు. "నౌ ఆఠ్ దో దో, చార్ పాంచ్, ఏక్ సాత్." సుమలత చెయ్యి కదల్లేదు. నంబరు మొత్తం అయిపోయి ఆయన ఊపిరి తీసుకునేదాకా అలాగే ఉంది. అప్పుడు ఒక్కసారి వేళ్లు ఆ మీటల మీద దొర్లాయి. గుప్పెడు బియ్యం నేల మీద పోసినంత చప్పుడు. అంతే. ఆయన తర్వాతి నంబరు ఎత్తుకున్నాడు. ఆమె మళ్లీ చెయ్యి కదపకుండా విన్నది.

పక్క కౌంటర్లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న బిందు తన తెర వైపు చూసింది. కొత్తగా ఎక్కుతున్న వరసలన్నీ అక్కడ కనబడుతున్నాయి. స్కానర్. స్కానర్. స్కానర్. స్కానర్.

స్కానరేమో కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

 నిన్న అద్దాల గదిలో వాళ్లు కాగితం పెట్టారు, పిలిచే మనిషిని పెట్టలేదు. యాదయ్య పిలిస్తే కొడతానని సుమలత చెప్పనే చెప్పింది. చెప్తే నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి బిందుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

లారీ ఖాళీ అయింది. సుమలత ఎవరి వైపూ చూడకుండా, కొంగుతో చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. గేట్ పాసు బల్ల మీదే ఉంది.

బిందు బయటికొచ్చి ఉదయభాస్కర్‌కి ఫోన్ చేసింది. ప్రోగ్రాం కంపెనీ ఆయనదే. 

"నువ్వు ఇది చూడలేదు," అన్నాడు అంతా విని.

"చూశాను సర్."

"బిందూ, ఒకసారి ఆలోచించు. ఈ ఒక్క వరస తప్పని ఒప్పుకుంటే అన్ని వరసలూ అనుమానమే. షెడ్డువాళ్లు మనల్ని వాకిట్లో నిలబెట్టి కడుగుతారు. కొత్త షెడ్డు కాంట్రాక్టు సంతకం కావాల్సి ఉంది."

"ఆ అమ్మాయిని పోలీసులకి అప్పగిస్తారట సర్."

"పెట్టె ఆమె తియ్యలేదని నీకెలా తెలుసు?"

"తెలియదు సర్. తీసిందని కూడా మనకి తెలియదు కదా."

"హద్దు సడలించింది ఎవరు?" అన్నాడు ఆయన, గొంతు కొంచెం కూడా పెంచకుండా. "ఫైల్లో నీ పేరే ఉంది. తర్వాత నన్ననకు." ఫోన్ పెట్టేశాడు.

భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. మంగాదేవి, అంటే బిందు అమ్మ, నెల క్రితమే అత్తాపూర్‌లో ఫ్లాట్ కోసం బ్యాంకు కాగితాల మీద కూతురి చేత సంతకాలు పెట్టించింది. బిందు ఆ భయాన్ని వెంటబెట్టుకునే రోడ్డు మీదికి నడిచింది. బస్టాపులో సుమలత ఇంకా నిలబడే ఉంది. యాదయ్య పక్కన కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు.

"సుమలతా," అంది బిందు. "ఇందాక చూశాను. నువ్వు కొట్టింది స్కానర్ అని పడుతోంది. నీ తప్పు లేదు. సోమవారం వచ్చి, యాదయ్యగారు పిలుస్తుంటే వాళ్ల ముందు ఒక్కసారి కొట్టి చూపించు. అంతా తేలిపోతుంది."

సుమలత ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"నేనెందుకు చూపియ్యాలె?"

"నీ కోసమే కదా."

"నిన్న చూపియ్యమంటే చూపిచ్చిన. వంగి, గంతమంది ముంగట. నవ్విండ్రు. నువ్వు నవ్వలేదా మేడం? నేను చూడలేదనుకున్నవా?"

బిందు బ్యాగును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఇయ్యాల మళ్ల రమ్మంటున్నవ్. మామ పిలవాలె, నేను ఆడాలె. మీరంత కూసొని చూడాలె. చేతులు వణికి తప్పు వోతే ఇగ నిజంగనే దొంగనైత. నేనేమన్న కోతినా? తప్పు నీ మిషిన్‌ది. నువ్వే పోయి చెప్పు."

"నేను చెప్తే నా ఉద్యోగం..."

"నీది నౌకరి. నాది?" అంది సుమలత. "మా ఇంటికి పోలీసోళ్లు వస్తే మా ఊర్ల నేను తలెత్తుకొని తిరుగుతనా? మా అమ్మ కొండమ్మ బతుకుతదా? అందరికి అందరు ఒక్కటే మీరు. మా మాట పాట లెక్క ఇనవడ్తది మీకు."

యాదయ్య బీడీ పారేసి, "పో అమ్మా, పో. బస్సొస్తున్నది," అన్నాడు. ఆ మాట ఆయన ఎవరితో అన్నాడో తెలియక బిందు అక్కడే నిలబడిపోయింది. వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు.

ఆదివారమంతా బిందు ఇంట్లో తలుపేసుకుని కూర్చుంది. మొదట హద్దును మళ్లీ బిగిద్దామనుకుంది. బిగిస్తే స్కానర్లు మనుషులైపోతాయి. ఎక్కడ బిగించినా ఎవరో ఒకరు అటో ఇటో పడతారు. నంబర్లు మార్చి చూసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. అనుమతి లేనిదే మీట ఎవరు నొక్కారో ప్రోగ్రాంకి తెలిసే దారి లేదు. ఏడాదిగా దానికి తెలియనే తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయమని చెప్పింది తనే. భోజనానికి రమ్మని అమ్మ రెండుసార్లు తలుపు కొట్టింది. రెండోసారి కొట్టాక బిందు ఒకే ఒక్క చోట చెయ్యి పెట్టింది. పాత రికార్డులో అక్షరం ముట్టుకోలేదు. వేగం చూసి తేల్చిన ప్రతి వరసా తెర మీద ఏ మాటతో కనబడాలో, ఆ మాట మాత్రం మార్చింది.

సోమవారం పొద్దున్నే బిందు ఆ మార్పును షెడ్డు కంప్యూటర్లలోకి ఎక్కించింది. అద్దాల గదిలో వీరరాఘవులు ఫిర్యాదు కాగితం టైపు చేయించి సిద్ధంగా పెట్టుకున్నాడు. సుమలత నిలబడి ఉంది. ఈసారి యాదయ్య కూడా వచ్చి, పొమ్మన్నా పోకుండా తలుపు బయట నిలబడ్డాడు. బిందు కూర్చోలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ రికార్డు ప్రింటు తీయండి," అన్నాడు వీరరాఘవులు సూపర్‌వైజరుతో. "ఫిర్యాదుకి జత చేద్దాం."

సూపర్‌వైజరు తెర మీద వెతికాడు. ఆగాడు. కిందికి జరిపాడు, మళ్లీ పైకి జరిపాడు.

"సార్, ఇదేంటో..."

వీరరాఘవులు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. స్కానర్ అన్న మాట ఎక్కడా లేదు. మాన్యువల్ అన్న మాటా లేదు. ఆ పెట్టె పక్కన, దాని పైన, దాని కింద, ఏడాది పొడుగునా ప్రతి పెట్టె పక్కనా ఒకటే ఉంది. నాట్ నోన్.

"ఏమిటమ్మా ఇది? వైరస్సా?"

"కాదండి. నేనే మార్చాను," అంది బిందు.  "స్కానరు కొట్టిందో మనిషి కొట్టాడో ఈ ప్రోగ్రాంకి తెలియదు. వేగం చూసి ఊహిస్తుంది. శనివారం స్కానరు చార్జింగ్ లేకుండా కొక్కేనికి ఉంటే, సుమలత చేత్తో కొట్టినవన్నీ స్కానర్ అని పడ్డాయి. పాత రికార్డు మీ కంప్యూటర్లో అలాగే ఉంది, సూపర్‌వైజర్ గారిని అడగండి, ఆయనే దగ్గరుండి కొట్టించుకున్నారు."

సూపర్‌వైజరు మళ్లీ నేల చూపులు చూశాడు. వీరరాఘవులు ఆయన వైపు తిరిగాడు.

"కొట్టించావా?"

"లారీ ఆగిపోయింది సార్, అందుకని..."

"కాగితం చూసి ఎక్కించమన్నదీ నువ్వేనా?"

సూపర్‌వైజరు తెర దగ్గర నుంచి గోడ వారకి జరిగాడు. ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది.

వీరరాఘవులు ముఖం కందగడ్డ అయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తేలక బిందు మీదే పడ్డాడు. "ఏడాదిగా ఈ మాట మీద మేం సంతకాలు పెడుతున్నామమ్మా! మీ ఉదయభాస్కర్‌కి తెలుసా ఈ సంగతి? ఇప్పుడే మాట్లాడతాను. కొత్త షెడ్డు కాంట్రాక్టు సంగతి దేవుడెరుగు, ఉన్నది ఉంటుందేమో చూసుకోండి."

"మాట్లాడండి," అంది బిందు.

ఆయన ఫోన్ తీసి గది మూలకి నడిచాడు. అవతలి నుంచి ఉదయభాస్కర్ గొంతు సన్నగా వినబడుతోంది, క్షమాపణలు చెప్తూ, మధ్యమధ్యలో బిందు పేరు ఎత్తుతూ. బిందుకి తన ఉద్యోగం పోతున్న సంగతి ముక్కలు ముక్కలుగా వినబడింది. ఆశ్చర్యంగా, అనుకున్నంత భయం వేయలేదు.

ఫోన్ పెట్టేసి వచ్చి వీరరాఘవులు ఫిర్యాదు కాగితాన్ని మడిచి సొరుగులో పడేశాడు. చింపలేదు. "ముందు ఆ మందుల కంపెనీ వాళ్లని అడగండి, పెట్టె అసలు లారీ ఎక్కిందో లేదో," అని ఎవరికో చెప్పినట్టు గోడకి చెప్పాడు. తర్వాత గేట్ పాసు బల్ల మీద జరిపాడు. సుమలత ముఖం చూడకుండానే, "పోయి కౌంటర్లో కూర్చో," అన్నాడు.

సారీ అన్న మాట ఆయన నోట రాలేదు. సుమలత దానికోసం ఆగనూ లేదు. పాసు తీసుకుని మెళ్లో వేసుకుని బయటికి నడిచింది. బిందు వెనకాలే వెళ్లింది.

"సుమలతా, నన్ను..."

సుమలత ఆగింది. ముఖంలో కోపం శుక్రవారం ఎంతుందో అంతే ఉంది.

"గా ఇంగ్లీషు మాట ఏంది? సార్ చదివినది?"

"నాట్ నోన్. తెలియదు అని."

"తెల్వదు అని," అంది సుమలత. "గంతే గద? గా దినం సార్ నిన్ను అడిగిండు. ఏం కష్టమైంది నీకు అప్పుడే తెల్వదు అంటానికి?"

 సుమలత జవాబు కోసమూ ఆగలేదు. కౌంటర్ దగ్గర లారీ వెనకతలుపు తీస్తున్నారు. యాదయ్య అప్పటికే మొదటి పెట్టె పక్కన గొంతుకూర్చుని, గొంతు సవరించుకుంటున్నాడు.